ఎండాకాలం సెలవుల్లో సొంత బేరం: ఊరి విద్యార్థికి చేయూత ఎలా ఉండాలి?

ఏప్రిల్ చివరి వారంలో మూతపడిన బడులు మళ్లీ తెరుచుకునేది జూన్ 12న. ఈ ఏడు వారాలూ హనుమకొండ చుట్టుపక్కల పల్లెల్లో ఖాళీగా గడిచే రోజులు కావు. ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాలు ఇంకా వస్తూనే ఉంటాయి. మామిడి కోతలు, తొక్కులు పెట్టుకోవడం, తాటిముంజలు, పెళ్లిళ్లు అన్నీ ఈ రోజుల్లోనే. ములుగు, భూపాలపల్లి అడవుల్లో ఇప్పపువ్వు అయిపోగానే తునికాకు సేకరణ మొదలవుతుంది. పరకాల, కమలాపూర్, ఎల్కతుర్తి, శాయంపేట వైపు ఊళ్లలో పదో తరగతి, ఇంటర్ చదివే పిల్లలు ఈ కాలమంతా ఏదో ఒక పనిలో ఉంటారు. కొందరు కూలికి పోతారు, కొందరు ఇంటి పనికి ఆసరా అవుతారు. ఏం అమ్మాలో, ఎంతకు అమ్మాలో తామే తేల్చుకుని సొంతంగా ఒక చిన్న బేరం నడిపేవారు మాత్రం అరుదు.

అలాంటివారికి చేయూత ఇవ్వాలన్న మాట ఇప్పుడు చాలా వైపుల నుంచి వినిపిస్తోంది. విద్యాశాఖ వృత్తి నైపుణ్యం అంటోంది. అంకుర సంస్థల ప్రపంచం వ్యాపార దృక్పథం అంటోంది. బాలల హక్కుల కార్యకర్తలు ఇది బాలకార్మిక వ్యవస్థకు దొడ్డిదారి కాకూడదని హెచ్చరిస్తున్నారు. ఎవరి మాటలోనూ నిజం లేకపోలేదు. కానీ ఎవరి మాట వారిదిగానే ఉండిపోవడంతో చర్చ చిక్కుపడింది. దాని చరిత్ర, ప్రధాన వాదనలు, పరిశోధనలు చెబుతున్నది, చట్టం ఒప్పుకునేది, ఇంకా తేలనిది ఒక్కచోట పెట్టి చూడటం ఈ సమీక్ష ఉద్దేశం.

చర్చ నడిచి వచ్చిన దారి

1937 అక్టోబరులో వార్ధా సమావేశం ముందు గాంధీ పెట్టిన నయీ తాలీమ్ ఆలోచనలో చేతివృత్తే చదువుకు కేంద్రం. పిల్లలు చేసిన వస్తువులు అమ్మి బడి ఖర్చు కొంతైనా రాబట్టాలన్నది అందులో భాగం. ఆ ఆలోచనకు పాఠ్యప్రణాళిక రూపం ఇచ్చిన జాకీర్ హుస్సేన్ కమిటీయే, రాబడి మీద ధ్యాస పెరిగితే చదువు పక్కకు పోయే ప్రమాదం ఉందని హెచ్చరించింది. ఆ హెచ్చరికకు నేటికీ కాలం చెల్లలేదు.

1953లో మద్రాసు రాష్ట్రంలో రాజాజీ ప్రభుత్వం ప్రాథమిక బడి వేళలు తగ్గించి, మిగిలిన పూట పిల్లలు ఇంటి వృత్తి నేర్చుకోవాలన్న పథకం తెచ్చింది. ఇది పిల్లల్ని కులవృత్తుల్లోనే కట్టిపడేస్తుందని ద్రావిడ ఉద్యమం గట్టిగా ఎదురు నిలిచింది. 1954లో కామరాజ్ అధికారంలోకి రాగానే పథకం రద్దయింది. బడి పిల్లల చేత పని అనే మాట ఎత్తగానే దళిత, బహుజన కుటుంబాల్లో అనుమానం రావడానికి ఈ గతం ఒక ముఖ్య కారణం.

1964–66 నాటి కొఠారీ కమిషన్ ‘పని అనుభవం’ ఉండాలంది. 1977లో ఈశ్వర్‌భాయ్ పటేల్ కమిటీ ‘సమాజానికి ఉపయోగపడే ఉత్పాదక పని’ని పాఠ్యాంశం చేయమంది. ఆచరణలో చాలా బడుల్లో అది మార్కుల పట్టికలో ఒక గడిగా మిగిలింది.

ఇదే కాలంలో తెలుగు నేల మీద ఇంకో ప్రయత్నం జరిగింది. హార్వర్డ్ మనస్తత్వవేత్త డేవిడ్ మెక్‌క్లెల్లాండ్ బృందం 1964లో కాకినాడ వ్యాపారులను హైదరాబాద్‌లోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థకు రప్పించి, ఏదైనా సాధించాలన్న పట్టుదలను పెంచే శిక్షణ ఇచ్చింది. యూసుఫ్‌గూడలో ఉన్న ఆ సంస్థే ఇప్పటి జాతీయ సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల సంస్థ. 1969లో అచ్చయిన ఆ అధ్యయనంతో, వ్యాపార చొరవ పుట్టుకతో మాత్రమే వచ్చేది కాదు, నేర్పవచ్చు అన్న మాట ప్రపంచమంతటా చర్చకు వచ్చింది.

తెలంగాణ ఏర్పడ్డాక ఈ ధోరణి బలపడింది. 2015లో టీ-హబ్, 2017లో రాష్ట్ర ఇన్నోవేషన్ సెల్, 2018లో మహిళల కోసం వీ-హబ్ వచ్చాయి. 2019లో మొదలైన ‘ఇంటింటా ఇన్నోవేటర్’ జిల్లాల్లోని ఆవిష్కర్తలను పంద్రాగస్టు ప్రదర్శనలకు తీసుకొచ్చింది. బడి పిల్లల కోసం 2020లో స్కూల్ ఇన్నోవేషన్ ఛాలెంజ్ మొదలైంది. అదే ఏడాది వచ్చిన జాతీయ విద్యా విధానం 6 నుంచి 8 తరగతుల వారికి పది రోజులు సంచి లేని బడి ఉండాలని, 6 నుంచి 12 వరకు సెలవు రోజుల్లోనూ వృత్తి శిక్షణావకాశాలు కల్పించవచ్చని చెప్పింది. సెలవుల ప్రస్తావన జాతీయ విధానంలోకి ఇలా చేరింది.

నాలుగు వాదనలు

మొదటిది, పిల్లల పని చదువే అన్న వాదన. 1990ల మొదటి నుంచి రంగారెడ్డి జిల్లాలో పనిచేసిన ఎం.వి. ఫౌండేషన్, బడిలో లేని ప్రతి బిడ్డా బాలకార్మికుడే అన్న సూత్రంతో వేలమంది పిల్లల్ని పొలాల నుంచి బడికి తెచ్చింది. దానికి నాయకత్వం వహించిన శాంతా సిన్హా 2003లో మెగసెసే పురస్కారం అందుకున్నారు, తర్వాత జాతీయ బాలల హక్కుల కమిషన్‌కు తొలి అధ్యక్షురాలయ్యారు. ఈ దృష్టితో చూస్తే సెలవుల సంపాదనలో ఒక ప్రమాదం దాగి ఉంది. మే నెలలో చేతికొచ్చిన డబ్బుకు ఇల్లు అలవాటు పడితే, జూన్‌లో బడికి పంపడానికి మనసు ఒప్పదు. పేదింట్లో ఈ ఒత్తిడి పైకి కనిపించకపోయినా బలమైనదే.

రెండోది, పనిలోనే చదువు ఉందనే వాదన. నయీ తాలీమ్ నుంచి నేటి జాతీయ విధానం దాకా ఇదే దారి. వరంగల్ జిల్లా పాపయ్యపేటలో పుట్టిన కంచ ఐలయ్య, పిల్లల కోసం 2007లో ఇంగ్లీషులో తెచ్చిన పుస్తకంలో కుమ్మరి, చాకలి, మాదిగ, గొల్లకురుమ వంటి ఉత్పత్తి కులాల పనిని విజ్ఞానంగా నిలబెట్టారు. శ్రమను గౌరవించడం ఎవరినీ ఏ కులవృత్తికీ కట్టేయడం కాదు, ప్రతి వృత్తిలోని తెలివిని అందరి పిల్లలూ తెలుసుకోవడం అన్నది ఈ వాదనకు ఉన్న మంచి రూపం. రాజాజీ పథకానికీ దీనికీ తేడా ఇక్కడే ఉంది.

మూడోది, వ్యాపార చొరవను నేరుగా నేర్పాలన్న వాదన. మన దేశంలో దీనికి పెద్ద ఉదాహరణ ఢిల్లీ. 2019లో ప్రభుత్వ బడుల్లో వ్యాపార చొరవ పాఠాలు మొదలుపెట్టి, 2021లో ‘బిజినెస్ బ్లాస్టర్స్’ పేరుతో 11, 12 తరగతుల పిల్లలకు తలా రూ. 2,000 విత్తన పెట్టుబడి ఇచ్చారు. మూడు లక్షల మందికి దగ్గరగా విద్యార్థులున్న కార్యక్రమం అది. ఎండాకాలానికే పరిమితమైన నమూనా కెనడాలోని ఒంటారియోలో ఉంది. అక్కడి ‘సమ్మర్ కంపెనీ’ పథకం 15 నుంచి 29 ఏళ్ల విద్యార్థులకు సెలవుల్లో సొంత వ్యాపారం పెట్టుకోవడానికి 3,000 డాలర్ల దాకా గ్రాంటు ఇస్తుంది, తోడుగా అనుభవజ్ఞుల సలహా ఏర్పాటు చేస్తుంది. ఫిన్లాండ్‌లో గ్రామీణ యువతతో పనిచేసే 4హెచ్ సంఘం 13 ఏళ్ల నుంచే చిన్న సంస్థలు నడిపే అవకాశం ఇస్తోంది.

నాలుగోది, ఒంటరి వ్యాపారి కంటే సంఘం అండ ముఖ్యమన్న వాదన. దీనికి ఉదాహరణ హనుమకొండ జిల్లాలోనే, భీమదేవరపల్లి మండలం ముల్కనూర్‌లో ఉంది. అలిగిరెడ్డి కాశీవిశ్వనాథ రెడ్డి చొరవతో 1956లో మొదలైన సహకార గ్రామీణ బ్యాంకు, రైతుకు అప్పు, ఎరువు, విత్తనం, అమ్మకం అన్నీ ఒకే గొడుగు కింద సమకూర్చింది. ఆ స్ఫూర్తితోనే తర్వాత మహిళల పాల సహకార సంఘం నిలబడి ‘స్వకృషి’ పేరుతో పాలు అమ్ముతోంది. ఈ ప్రాంతంలో వ్యాపారం నిలవడానికి ఒక్కడి తెగువ సరిపోలేదు, పదిమంది పొత్తు కావాల్సి వచ్చిందన్నది ఈ వాదన సారం.

పక్కపక్కన పెట్టి చూస్తే

- చదువే పని అనేవారు పిల్లల రక్షణను ముందు పెడతారు. బడి మానే ప్రమాదాన్ని గుర్తించడం వారి బలం. ఇప్పటికే కూలికి పోతున్న పదహారేళ్ల విద్యార్థికి అంతకంటే మెరుగైన దారి చూపలేకపోవడం లోపం.
- పనిలో చదువు అనేవారు శ్రమ గౌరవాన్ని ముందు పెడతారు. ఊరి విజ్ఞానాన్ని బడికి దగ్గర చేయడం వారి బలం. కులం నీడను పట్టించుకోకపోతే పాత తప్పే మళ్లీ జరుగుతుంది.
- వ్యాపార చొరవ అనేవారు నిర్ణయం తీసుకునే ధైర్యాన్ని ముందు పెడతారు. పెట్టుబడి నేరుగా విద్యార్థి చేతికివ్వడం వారి బలం. పోటీలు, బహుమతులు, వేదికల మీద మోజు పెరగడం లోపం.
- సంఘం అండ అనేవారు నష్టభయాన్ని పంచుకోవడాన్ని ముందు పెడతారు. నమ్మకం, మార్కెట్, లెక్కల అలవాటు ఇప్పటికే ఉండటం వారి బలం. పెద్దల అజమాయిషీలో పిల్లల సొంత ఆలోచన మరుగున పడవచ్చు.

పరిశోధనలు ఏం చెబుతున్నాయి

కాకినాడ అధ్యయనంలో శిక్షణ పొందినవారు తర్వాతి రెండేళ్లలో కొత్త పెట్టుబడులు, కొత్త సంస్థలు, కొత్త కొలువుల విషయంలో శిక్షణ లేనివారి కంటే ముందున్నారు. అయితే వారు పెద్దవాళ్లు, అప్పటికే ఎక్కువమంది వ్యాపారంలో ఉన్నవారు. ఆ ఫలితాన్ని పదో తరగతి పిల్లలకు అలాగే వర్తింపజేయలేం.

విద్యార్థుల మీద జరిగిన అధ్యయనాలు మిశ్రమ ఫలితాలిచ్చాయి. నెదర్లాండ్స్‌లో కళాశాల విద్యార్థుల చేత చిన్న కంపెనీ నడిపించే కార్యక్రమాన్ని పరిశీలించి 2010లో ప్రచురించిన పరిశోధన, వారి నైపుణ్యాల్లో చెప్పుకోదగ్గ మార్పు లేదని, పైగా వ్యాపారం పెట్టాలన్న కోరిక తగ్గిందని తేల్చింది. వ్యాపారం ఎంత కష్టమో తెలిసి రావడం కూడా చదువేనని దాన్ని అర్థం చేసుకోవచ్చు. అదే దేశంలో ప్రాథమిక బడి చివరి తరగతుల పిల్లలపై 2014లో వెలువడిన అధ్యయనం, జట్టుగా పనిచేయడం, పట్టుదల, తెగువ వంటి గుణాలు మెరుగుపడ్డాయని చెప్పింది.

పేద దేశాల అనుభవం ఇంకొన్ని పాఠాలు నేర్పుతుంది. ఉగాండాలో యువజన బృందాలకు తలకు 382 డాలర్ల చొప్పున గ్రాంటు ఇచ్చి చూశారు. నాలుగేళ్ల తర్వాత వారి సంపాదన ఇతరుల కంటే 38 శాతం ఎక్కువగా ఉంది. తొమ్మిదేళ్లకు మిగతావారు వారిని అందుకున్నారు. అంటే డబ్బు సాయం ముందడుగు వేయిస్తుందే గానీ, ఆ తేడాను కలకాలం నిలపదు. టోగోలో 1,500 మంది చిన్న వ్యాపారులపై జరిగి 2017లో వెలువడిన పరిశోధన మరీ ఆసక్తికరమైనది. సంప్రదాయ వ్యాపార పాఠాలు విన్నవారి లాభంలో చెప్పుకోదగ్గ పెరుగుదల లేదు. సొంత చొరవను, ముందుచూపును, ఆటంకం వచ్చినా వదలని తత్వాన్ని అలవరిచే శిక్షణ పొందినవారి లాభం 30 శాతం పెరిగింది.

వీటన్నిటినీ కలిపి చదివితే మూడు మాటలు మిగులుతాయి. ఉత్త పాఠం చాలదు. ఉత్త డబ్బు చాలదు. చిన్న వయసులో వచ్చే అసలు లాభం రూపాయల్లో కాదు, స్వభావంలో. కానీ ఇవేవీ మన పల్లె పిల్లల మీద జరిగినవి కావు; తెలంగాణ పల్లె విద్యార్థి ఎండాకాలం బేరాన్ని బడి హాజరుతో కలిపి కొలిచే పని మన దగ్గరే జరగాలి.

హనుమకొండలో ఉన్నది, లేనిది

సంస్థలకు ఈ పట్టణంలో కొదవ లేదు. 1959లో ప్రాంతీయ ఇంజినీరింగ్ కళాశాలగా మొదలైన ఎన్ఐటీ, 1976లో ఏర్పడిన కాకతీయ విశ్వవిద్యాలయం, అంకుర సంస్థలకు నీడనిచ్చే ఇంక్యుబేషన్ కేంద్రమున్న ఎస్ఆర్ విశ్వవిద్యాలయం కొద్ది కిలోమీటర్ల దూరంలోనే ఉన్నాయి. గ్రామీణ ఆవిష్కర్తలను వెతికి పట్టుకునే పల్లె సృజన రాష్ట్రమంతటా తిరుగుతోంది. ఆసు యంత్రం తయారుచేసి 2017లో పద్మశ్రీ అందుకున్న చింతకింది మల్లేశం ఊరు ఇక్కడికి దూరం కాదు, ఆలేరు పక్కనే.

సరుకుకూ లోటు లేదు. వరంగల్ దర్రీలకు 2018లో, చపాట మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు దక్కింది. మామిడి తొక్కు, వడియాలు, ఇప్పపువ్వు లడ్డూలు, కూరగాయల నారు, రంజన్లు, పెళ్లిళ్లకు పూల అలంకరణ, బడులు తెరిచే ముందు యూనిఫాంల కుట్టుపని, ఊళ్లో ఫోన్ల మరమ్మతు, పంపుసెట్ల రిపేరు... ఎండాకాలం గిరాకీ ఉన్నవే ఇవన్నీ.

లేనిది ఈ రెండింటినీ కలిపే వంతెన. ఇంక్యుబేషన్ కేంద్రాలు ప్రధానంగా ఇంజినీరింగ్ పట్టభద్రుల కోసం. బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలు పద్దెనిమిదేళ్లు నిండినవారికి. స్కూల్ ఇన్నోవేషన్ ఛాలెంజ్ నమూనా తయారీ దగ్గర ఆగుతుంది, అమ్మకం దాకా పోదు. సాంఘిక సంక్షేమ గురుకులాల ‘సమ్మర్ సమురాయ్’ శిబిరాలు ఆటలు, కళలు, భాషల్లో పిల్లల ధైర్యం పెంచాయి, అయితే వాటి లక్ష్యం వేరు. పద్నాలుగు నుంచి పద్దెనిమిదేళ్ల మధ్య ఉన్న ఊరి విద్యార్థికి, ఏప్రిల్ చివరి నుంచి జూన్ మొదటి దాకా, సరిపడే ఏర్పాటు ఏదీ కనిపించదు.

చట్టం గీసిన గీతలు

2016లో సవరించిన బాలకార్మిక చట్టం ప్రకారం పద్నాలుగేళ్ల లోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టుకోకూడదు. సెలవుల్లో, బడి వేళల తర్వాత ప్రమాదం లేని కుటుంబ వృత్తికి సాయపడటానికి మాత్రం మినహాయింపు ఉంది. ఇంటి పేరు చెప్పి పిల్లల శ్రమను వాడుకోవడానికి ఇది వీలిస్తుందని బాలల హక్కుల సంఘాలు అప్పుడే అభ్యంతరం చెప్పాయి. పద్నాలుగు నుంచి పద్దెనిమిది మధ్య వయసువారు గనులు, పేలుడు పదార్థాలు, ప్రమాదకర ప్రక్రియలకు దూరంగా ఉండాలి.

వ్యాపారం నడపడంలో చిక్కు వేరే. 1872 నాటి కాంట్రాక్టు చట్టం కింద మైనరు చేసుకున్న ఒప్పందం చెల్లదని 1903లోనే ప్రివీ కౌన్సిల్ మోహరీ బీబీ కేసులో తేల్చింది. అందువల్ల ముద్ర వంటి రుణాలు మైనర్ల పేరిట సాధ్యం కావు. అయితే పదేళ్లు దాటిన పిల్లలు సొంతంగా పొదుపు ఖాతా నడుపుకోవడానికి రిజర్వు బ్యాంకు నిబంధనలు అనుమతిస్తాయి. తినుబండారాలు అమ్మాలంటే ఎంత చిన్న బేరమైనా ఆహార భద్రతా నమోదు తప్పదు. ఆ పేరు తల్లిదో, ఆమె సంఘానిదో అయితే ఇబ్బంది తీరుతుంది. చట్టం తలుపు పూర్తిగా మూయలేదు, పెద్దల తోడు ఉండాలంటోంది.

ఇంకా తేలని ప్రశ్నలు

మొదటిది కులం. ఎండాకాలం బేరం అనగానే కుమ్మరింటి పిల్లవాడికి రంజన్లు, పద్మశాలి పిల్లకు మగ్గం అప్పగిస్తే 1953 నాటి కథే మళ్లీ మొదలవుతుంది. ఏ పిల్లలు ఏ పని ఎంచుకోవచ్చన్నది పూర్తిగా వారి ఇష్టమే కావాలి. ఇంట్లో ఉన్న నైపుణ్యం సాయపడుతుందన్నదీ నిజమే. ఈ రెండింటి మధ్య తూకం ఎలాగన్నది ఏ విధాన పత్రమూ చెప్పలేదు.

రెండోది ఆడపిల్లలు. ఎండాకాలం పెళ్లిళ్ల కాలం. పదో తరగతి పూర్తయిన అమ్మాయి చదువు కొనసాగుతుందా లేదా అన్నది చాలా ఇళ్లలో ఈ నెలల్లోనే తేలిపోతుంది. తన పేరిట ఖాతా, తన లెక్కల పుస్తకం, తన సంపాదన ఉంటే ఆమె మాటకు ఇంట్లో బరువు పెరగవచ్చు. అదే సంపాదన ఇంటి ఖర్చులో కలిసిపోయి, ఇంటిపని మాత్రం ఎప్పటిలా ఆమె నెత్తినే ఉంటే భారం రెండింతలవుతుంది. అబ్బాయిల కోసం రాసిన పథకంలో అమ్మాయిలకు ఒక వాక్యం చేరిస్తే సరిపోదు.

మూడోది నష్టం. రూ. 2,000 పోతే పట్నంలో అది ఒక అనుభవం. కూలి మీద బతికే ఇంట్లో అది వారాల తిండి. ఓడిపోయి నేర్చుకోవాలన్న మాట, ఓటమి ఖర్చు ఎవరు భరిస్తారో చెప్పకుండా అంటే అర్థం లేదు.

నాలుగోది కొలమానం. ఎన్ని బృందాలు, ఎంత అమ్మకం, ఎన్ని బహుమతులు అని లెక్కపెట్టడం తేలిక. సెప్టెంబరులో ఆ విద్యార్థి బడిలోనే ఉన్నాడా, మార్కులు పడిపోయాయా, ఇంట్లో అప్పు పెరిగిందా అన్నవి లెక్కించడం కష్టం. కానీ అసలు లెక్క అదే.

ఎటు మొగ్గాలి

నాలుగు వాదనలనూ తూచి చూశాక, ఏ కార్యక్రమాన్నైనా పరీక్షించడానికి రెండు ప్రశ్నలు చాలు. నిర్ణయం ఎవరిది? నష్టం ఎవరిది? నిర్ణయం పెద్దలదై, కష్టం పిల్లలదైతే దానికి ఏ పేరు పెట్టినా అది కూలిపనే. నిర్ణయం పిల్లలదై, నష్టం వారి ఇంటిదైతే అది పేదవాడి చేత ఆడించే జూదం. నిర్ణయం విద్యార్థి చేతిలో ఉండి, నష్టం ప్రభుత్వమో సంఘమో భరించినప్పుడే అది చదువవుతుంది.

దీన్నిబట్టి హనుమకొండలో సాధ్యమయ్యే రూపం ఊహించడం కష్టం కాదు. పద్నాలుగేళ్లు నిండినవారికే అవకాశం ఉండాలి. ఇద్దరు ముగ్గురు కలిసి పెట్టే బేరానికి అప్పు కాకుండా చిన్న గ్రాంటు ఇవ్వాలి, సగం మొదట, సగం లెక్కలు చూపించాక. ఊరి మహిళా సంఘం నమోదుకూ మార్కెట్‌కూ పూచీగా నిలవాలి గానీ ధర నిర్ణయించే అధికారం తీసుకోకూడదు. ఐటీఐ, డిగ్రీ కళాశాలల విద్యార్థులు వారానికోసారి వచ్చి లెక్కలు చూడాలి. సరుకు ఎంపికలో కులం ప్రస్తావన రాకూడదు. ఎంపికైనవారిలో సగం అమ్మాయిలు ఉండాలి. మే చివరికల్లా అమ్మకాలు ముగించి, జూన్ మొదటి వారంలో లాభనష్టాల లెక్క అందరి ముందు చదవాలి. ఆ తర్వాత ఏడాది పొడుగునా బడి హాజరును గమనించాలి. హాజరు తగ్గితే, లాభం ఎంత వచ్చినా కార్యక్రమం విఫలమైనట్టే ఒప్పుకోవాలి.

ఇందుకు కొత్త భవనాలు, కొత్త చట్టాలు అవసరం లేదు. ముల్కనూర్ సహకార అనుభవం, మహిళా సంఘాల లెక్కల అలవాటు, విశ్వవిద్యాలయాల యువబలం, ఎనుమాముల మార్కెట్ ఇప్పటికే ఉన్నాయి. ఒక్క మండలంలో రెండు ఎండాకాలాలు నిజాయితీగా నడిపి, వచ్చిన ఫలితాన్ని మంచైనా చెడైనా బయటపెడితే, ఇన్నాళ్లూ అభిప్రాయాల మీద సాగిన ఈ చర్చ మొదటిసారి మన పిల్లల అనుభవం మీద నిలబడుతుంది. జిల్లా యంత్రాంగం, విద్యాశాఖ, సహకార సంఘాలు కలిసి కూర్చుని వేయాల్సిన మొదటి అడుగు అదే.